ఖాళీ బండి వాలు, లోడు బండి వాలు

ధర్మకాంట మీదికి బండి ఎక్కించకముందే ఆ కుర్రాడు చాచాను పక్కకు పిలిచాడు. ఈ మధ్యే కొన్న పికప్. పొద్దున అల్లం బస్తాలు జహీరాబాద్‌లో దించేసి ఖాళీగా న్యాల్‌కల్ తిరిగొస్తున్నాడు. బండికి నాలుగడుగుల దూరంలో నిలబడి, ఒక కన్ను మూసి, చెయ్యి అడ్డంగా చాపి చూపించాడు.

"చూడు చాచా, ముంగట ఎట్ల వంగిందో. ఎద్దు గడ్డికి వంగినట్టు కొడ్తుంది. జర లేపితే మంచిగుంటది గద."

చాచాది కమాన్ల పని. వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య అరచెయ్యి నిలువునా పెట్టాడు. పట్టింది, పైన ఇంకా చోటు మిగిలింది. ముందు చక్రం దగ్గరికొచ్చి అదే చెయ్యి పెట్టబోతే నిలువునా పట్టలేదు, అడ్డంగా నాలుగు వేళ్ళు మాత్రం దూరాయి.

"లేపుడు పెద్ద పని గాదు బేటా. పొద్దుగాల అల్లం ఉన్నప్పుడు చూసినవా, ఎట్లుండె?"

కుర్రాడు చూడలేదు. ఎవరూ చూడరు. లోడు మీదున్నప్పుడు తాడు బిగించే తొందర, మార్కెట్‌కు చేరే తొందర. బండి అందచందాలు గుర్తుకొచ్చేది అది ఖాళీగా నిలబడ్డప్పుడే. పికప్ ముందు భాగాన్ని ఎత్తి సమం చెయ్యాలా వద్దా అన్న వాదమంతా చాచా అడిగిన ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. సమంగా ఉండాలి, సరే. ఎప్పుడు?

ఖాళీ పికప్ ముక్కు కాస్త దించి, వెనక కాస్త ఎత్తుకుని నిలబడటం తయారీలో దొర్లిన పొరపాటు కాదు. వెనక కమాను కట్టను ఖాళీ బాడీ కోసం చెయ్యరు. టన్నో, టన్నున్నరో పడ్డప్పుడు కిందికి దిగడానికి చోటు ఉండాలి కాబట్టి, ఖాళీగా ఉన్నప్పుడు ఆ చోటంతా ఎత్తుగా కనిపిస్తుంది. ముందు ఇరుసు మీద పడే బరువు పెద్దగా మారదు. ఇంజను, క్యాబిన్, డ్రైవరు ఎప్పుడూ అక్కడే ఉంటారు. మారేదంతా వెనకే. రకాన్ని బట్టి, ఖాళీ బండికి ముందుకూ వెనక్కూ ఒక అంగుళం నుంచి రెండున్నర అంగుళాల దాకా తేడా ఉండటం మామూలు. సరిపడా లోడు పడగానే వెనక దిగి ఛాసిస్ దాదాపు నేలకు సమాంతరంగా వస్తుంది. అంటే కంపెనీవాళ్ళు బండిని సమంగానే చేశారు, కాకపోతే లోడుతో సమంగా చేశారు.

ఎడ్లబండి తోలినవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. బస్తాలు ముందుకు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడ మీద దిగబడుతుంది. వెనక్కు ఎక్కువైతే నొగ పైకి లేచి, మెడపట్టీలు ఎడ్ల గొంతు పట్టేస్తాయి. అందుకే బండి కట్టే మనిషి చివరి రెండు బస్తాలు వేసేముందు నొగ చేత్తో ఎత్తి చూసుకునేవాడు. కొంచెం బరువు ముందుకే ఉండాలి, మెడ నొచ్చేంత మాత్రం ఉండకూడదు. పికప్‌లో ఆ నొగ కనిపించదు, స్టీరింగ్‌లోకి వెళ్ళిపోయింది. వెనక బరువు ఎక్కువైతే స్టీరింగ్ తేలిపోతుంది, అంతే తేడా.

జహీరాబాద్ ప్రాంతానికి ఈ చిన్న లోడు బండ్లతో ఉన్న అనుబంధం కొనుక్కుని తోలడంతో మొదలవలేదు. ఫ్రిజ్‌లకూ, ఆర్టీసీ బస్సు బాడీలకూ పేరున్న హైదరాబాద్ ఆల్విన్ సంస్థ, జపాన్‌కు చెందిన నిస్సాన్‌తో కలిసి 1980లలో ఇక్కడే ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ పెట్టి క్యాబ్‌స్టార్ అనే తేలికపాటి లారీలు చేసింది. ఆ దశాబ్దం చివర్లో అది మహీంద్రా చేతికి వచ్చింది. 2015లో వచ్చిన జీతో చిన్న ట్రక్కు కూడా జహీరాబాద్ ఫ్యాక్టరీదే. ఫ్యాక్టరీ గేటు దాటి అవతల చెరకు, అల్లం, ఆలుగడ్డ, పత్తి పండే పల్లెలు. న్యాల్‌కల్ దాటి పోతే బీదర్ జిల్లా, కర్ణాటక. ఇక్కడ పికప్ అంటే వారాంతానికి కొండలెక్కే సరదా బండి కాదు. పొలం గట్టు నుంచి మార్కెట్ దాకా ఒక కుటుంబం ఏడాది పంట దాని వెనక్కే ఎక్కుతుంది.

ముందు భాగం ఎత్తించే మోజు పుట్టింది వేరేచోట. అమెరికాలో ఫోర్డ్ ఎఫ్-150, షెవీ సిల్వరాడో, ర్యామ్ లాంటి పికప్‌లు కొన్నవాళ్ళలో చాలామంది వాటి మీద మోసేది తక్కువ. ఇంటి ముందు నిలబెట్టిన బండి ఏళ్ళ తరబడి ఖాళీగా ముక్కు దించుకునే ఉంటుంది. అది కంటికి నచ్చదు, పైగా ముందు పెద్ద టైర్లు వెయ్యాలంటే చోటు చాలదు. అందుకని ఒకటిన్నర, రెండు, రెండున్నర అంగుళాలు ముందు లేపే లెవలింగ్ కిట్ల వ్యాపారం అక్కడ పెద్దది. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్న మనవాళ్ళు సెలవులకొచ్చినప్పుడు ఫోన్లో ఫొటోలు చూపిస్తారు, ఇక్కడి తమ్ముడికి తన బండి కూడా అలాగే ఉండాలనిపిస్తుంది. తప్పేం లేదు. కాకపోతే అక్కడి బండి ముందు కింద ఏముందో, ఇక్కడి బండి ముందు కింద ఏముందో ఫొటోలో కనిపించదు.

ముందు సస్పెన్షన్ తీరును బట్టే ఎత్తే పద్ధతి మారుతుంది. ఇప్పటి ఎఫ్-150లో ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి. కాయిల్ స్ప్రింగూ షాకబ్జరూ ఒకే కట్టుగా ఉంటాయి. మన దగ్గర ఈ తరహాకు దగ్గరగా ఉన్నవి టొయోటా హైలక్స్, ఇసుజు వి-క్రాస్. రెండోది తయారయ్యేది మన తెలుగు నేల మీదే, శ్రీసిటీలో. ఇలాంటి బండికి కాయిల్ కట్టు పైన ఒక బిళ్ళ వేస్తారు, అల్యూమినియందో గట్టి ప్లాస్టిక్‌దో. బిళ్ళ అంగుళం మందం ఉంటే బండి లేచేది అంగుళం కాదు, దాదాపు రెండు. కట్టు కింది కొస చక్రం దగ్గర కాకుండా, చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చెయ్యి మధ్యలో ఎక్కడో కూర్చుని ఉంటుంది కాబట్టి, అక్కడ జరిగిన కొంచెం చక్రం దగ్గర ఎక్కువవుతుంది. రెండంగుళాల బిళ్ళ కొని రెండంగుళాలు లేస్తుందనుకున్నవాళ్ళ బండి నాలుగంగుళాలు లేచి, పై చెయ్యి వెళ్ళి కాయిల్‌కు తగులుతుంది.

టోర్షన్ బార్ ఉన్న బండ్లది ఇంకో కథ. సిల్వరాడోలోనే బరువు మోసే 2500 రకానికి ముందు కాయిల్ బదులు పొడుగాటి ఉక్కు కడ్డీ ఉంటుంది. అది మెలితిరుగుతూ స్ప్రింగ్ పని చేస్తుంది. దాని చివర ఒక బోల్టు ఉంటుంది. పానా పెట్టి తిప్పితే ముందు లేస్తుంది, పైసా ఖర్చు లేదు. అందుకే అందరూ తిప్పుతారు. బోల్టు బిగిస్తే కడ్డీ గట్టిపడుతుందని ఒక నమ్మకం ఉంది, అది నిజం కాదు. కడ్డీ గట్టితనం దాని మందం, పొడవులతో ముడిపడింది, బోల్టుతో కాదు. తిప్పాక బండి గట్టిగా కొడుతోందంటే కారణం వేరే: చక్రం కిందికి వేలాడటానికి ఉన్న చోటు తగ్గిపోయింది. గుంతలోకి దిగాల్సిన చక్రం మధ్యలోనే ఆగి, బండి మొత్తాన్ని తనతో లాక్కుపోతుంది.

ఇక మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగేవి. టాటా ఏస్‌కు ముందు కూడా కమాన్లే, వెనకా కమాన్లే. బొలెరో పికప్‌లోనూ చాలా రకాలకు అంతే. ముందు ఇరుసు ఒకే కడ్డీ, రెండు పక్కలా పట్టీలు. ఇలాంటి బండి మీద అమెరికా బిళ్ళ పనికిరాదు, అది కూర్చునే చోటే లేదు. కమాన్ల షాపులో దొరికే దారులు మూడు: ముందు కట్టలో ఒక పట్టీ పెంచడం, ఉన్న పట్టీలను కొట్టించి వంపు పెంచడం, లేదా కమాను కొసను ఛాసిస్‌కు తగిలించే షాకిల్ పొడుగుది వెయ్యడం. నాలుగోది ఒకటుంది, కమానుకూ ఇరుసుకూ మధ్య దిమ్మ పెట్టి పొడుగు యూ బోల్టులతో బిగించడం. వెనక ఇరుసుకు కొంతమంది చేస్తారు, ముందు ఇరుసుకు మాత్రం ఎవరు చెప్పినా చేయించొద్దు. బ్రేకు వేసినప్పుడు ముందు ఇరుసు మీద పడే మెలిక అంతా ఆ దిమ్మ మీదికే వస్తుంది. స్టీరింగ్ చక్రాలున్న చోట దిమ్మ జారడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

వి-క్రాస్ ఫోర్ బై ఫోర్ లాంటి బండిని ఎత్తితే మొదట భయపడాల్సింది ముందు చక్రాలకు శక్తి తీసుకెళ్ళే ఇరుసు కీళ్ళ గురించి. వాటి కోణం పెరిగి, మీది రబ్బరు తొడుగు చిరిగి, దుమ్ము లోపలికి పోతుంది. మన పికప్‌లలో అత్యధికం వెనక చక్రాలతో నడిచేవే, ముందు ఆ కీళ్ళే ఉండవు. ఇక్కడ చూసుకోవాల్సింది స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి పోయే లింకు. బండి లేస్తే ఆ లింకు వాలుగా మారుతుంది. అప్పుడు గుంతలో దిగిన ప్రతిసారీ చక్రం తనంతట తాను కొంచెం పక్కకు తిరుగుతుంది. బ్రేకు పైపు కూడా చూడాలి. జాకీ మీద ఎత్తి చక్రం పూర్తిగా వేలాడినప్పుడు పైపు ఇంకా వదులుగా ఉందా, తీగలా బిగుసుకుందా అని.

స్వతంత్రంగా ఆడే ముందు చక్రాలున్న బండి ఎత్తు మారితే టో, క్యాంబర్, అంటే చక్రం లోపలికో బయటికో తిరిగిన, వాలిన కోణాలు, రెండూ మారతాయి. అలైన్‌మెంట్ చేయించకుండా బండి తీసుకుపోతే టైరు ఒక అంచు అరిగిపోతుంది. ముందు ఒకే కడ్డీ ఇరుసు ఉన్న బండికి ఆ బాధ తక్కువ. రెంటికీ మారేది క్యాస్టర్, అంటే చక్రం తిరిగే కీలు వెనక్కి వాలిన కోణం. ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లున్న బండికి ముందు 50 మిల్లీమీటర్లు, దగ్గరదగ్గర రెండంగుళాలు, లేపితే బండి మొత్తం ఒక డిగ్రీకి కాస్త తక్కువగా వెనక్కి వాలుతుంది, క్యాస్టర్ కూడా అంతే పెరుగుతుంది. స్టీరింగ్ కొంచెం బరువెక్కుతుంది, తిన్నగా పోయే గుణం పెరుగుతుంది. ఇది పెద్ద నష్టమేమీ కాదు.

ముందు లేపితే బండి బోల్తా పడుతుందని బెదిరించేవాళ్ళున్నారు. వాళ్ళతోనూ నేను ఏకీభవించను. ముందు రెండంగుళాలు లేస్తే బండి బరువు కేంద్రం లేచేది సుమారు అంగుళం. అదే బండి మీద క్యాబిన్ కంటే ఎత్తుగా చెరకు కడితే కేంద్రం ఎంత పైకి పోతుందో ఎవరూ లెక్క వెయ్యరు. బోల్తా భయం ఉంటే అక్కడ ఉండాలి.

అసలు ప్రమాదం నా ఉద్దేశంలో లైట్లది. దాన్ని గురించి తక్కువ మాట్లాడతారు, అందుకే ఇక్కడ కొంచెం ఆగుతాను. డిప్పర్ కాంతి నేలకు సమాంతరంగా పోదు, కొద్దిగా కిందికి వాలి ఉంటుంది. ఆ వాలు ఒక శాతం అనుకుందాం. అంటే పది మీటర్ల దూరంలో పది సెంటీమీటర్లు దిగుతుంది. లైటు నేలకు 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే కాంతి పైఅంచు 80 మీటర్ల దూరంలో రోడ్డును తాకుతుంది. ఇప్పుడు 3 మీటర్ల బండికి ముందు 50 మిల్లీమీటర్లు లేపండి. బండి 1.67 శాతం పైకి తిరిగింది. ఒక శాతం కిందికి ఉన్నది కాస్తా 0.67 శాతం పైకి అయింది. ఆ కాంతి ఇక రోడ్డును తాకదు. 50 మీటర్ల దూరంలో నేలకు సుమారు 1.2 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఎదురుగా వచ్చే కారు డ్రైవరు కళ్ళు ఉండేది కూడా సరిగ్గా ఆ ఎత్తులోనే.

ఇది కాగితం లెక్క అని తోసిపారెయ్యడానికి నాకు నోరు రాదు. చాలా ఏళ్ళ కింద మా ఇంటి పాత పికప్‌కు ముందు పట్టీ ఒకటి ఎక్కువ వేయించాం. వేసిన షాపు పేరు ఇక్కడ అనవసరం, అడిగింది మేమే. పగలు బండి భలే ఉంది. ఆరోజు రాత్రి బయల్దేరితే ఎదురొచ్చిన ప్రతి బండీ లైట్లు ఆర్పి వెలిగించి తిట్టింది. మేం డిప్పర్‌లోనే ఉన్నామని నమ్మించడానికి దారిలేదు. మూడోరోజు ఒక లారీ డ్రైవరు బండి పక్కకు తీసి, దిగొచ్చి, మా నాన్నను "పెద్దాయనా, మా కండ్లు తీస్తవా ఏంది?" అని అడిగాడు. లైటు వెనక ఉన్న స్క్రూ తిప్పి కాంతిని దించుకోవచ్చని ఆ షాపులో ఎవరూ చెప్పలేదు. మాకూ తట్టలేదు. తర్వాత ఒక గోడ ముందు పది మీటర్ల దూరంలో బండి నిలబెట్టి, సుద్దముక్కతో గీత గీసి, మేమే దించుకున్నాం. ఐదు నిమిషాల పని.

లోడు పడి వెనక 50 మిల్లీమీటర్లు దిగినా కాంతి సరిగ్గా అంతే లేస్తుంది. ముందు లేపించుకున్నవాడు, వెనక ఎక్కువ మోసేవాడు ఎదుటివాడి కళ్ళకు ఒకే రకం శత్రువులు. కార్లలో స్టీరింగ్ పక్కన 0, 1, 2, 3 అంకెలతో చిన్న చక్రం ఇచ్చింది ఇందుకే. లోడు పెరిగితే అంకె పెంచాలి, కాంతి దిగుతుంది. పికప్‌లో అది ఉండీ దాన్ని ఒక్కసారైనా ముట్టుకున్న డ్రైవరు నాకు ఇంకా ఎదురుపడలేదు.

ముందు ఎత్తు, వెనక దిగువగా ఉన్న బండిని సరదాకే చేసుకునేవాళ్ళు అమెరికాలో ఉన్నారు. కరోలినా స్క్వాట్ అంటారు, ముక్కు ఆకాశానికి, తోక నేలకు. 2021 డిసెంబరు నుంచి ఉత్తర కరోలినా రాష్ట్రం దీన్ని నిషేధించింది. ముందు మడ్‌గార్డు వెనకదానికంటే నాలుగంగుళాలు గానీ అంతకుమించి గానీ ఎత్తుగా ఉండేలా మార్చకూడదని చట్టం. తర్వాత వర్జీనియా, దక్షిణ కరోలినా కూడా అదే దారి పట్టాయి. అక్కడ డబ్బు పోసి చేయించుకునే ఆ ఆకారం మన దగ్గర చెరకు సీజన్లో ఉచితంగా వస్తుంది. రెండు టన్నులు ఎక్కించిన బండి ముందు చక్రాలు నేలకు ముద్దు పెడుతున్నట్టు మాత్రమే తాకుతూ పోతుంది.

ఎంత బరువు అన్నదే కాదు, ఎక్కడ అన్నది కూడా చూడాలి. ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు, వేసింది 1000 కిలోలు అనుకుందాం. ఆ లోడు నడిమి వెనక ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందుంటే, 100 కిలోలు ముందు చక్రాలకు చేరతాయి, 900 వెనక మీద పడతాయి. అదే లోడు నడిమి వెనక ఇరుసుకు 30 సెంటీమీటర్లు వెనక ఉంటే ముందు చక్రాల మీద ఉన్న బరువులోంచే 100 కిలోలు పోతాయి, వెనక ఇరుసు 1100 మోస్తుంది. బస్తాలు క్యాబిన్‌కు ఆనించి వెయ్యకుండా, దించడానికి సులువని తలుపు దగ్గరే పేర్చినందుకు 200 కిలోల తేడా. వెనక తలుపు దించి, దాని మీద కూడా చెరకు గడలు బయటికి వేలాడేసినప్పుడు స్టీరింగ్ తేలిపోతుందని అందరికీ తెలుసు. ముందు లేపించుకున్న బండికైతే ఆ తేలికదనం ఇంకా తొందరగా తెలుస్తుంది అనుకుంటారు, కానీ అది లేపినందుకు కాదు, పేర్చినందుకు.

వెనక దిగుతోందని ఇంకో పట్టీ వేయించడం మన దగ్గర ముందు లేపించడం కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా జరిగే పని. దాన్ని సమర్థించేవాళ్ళ మాటలో కొంత న్యాయం ఉంది. ఐదు పట్టీల కట్టకు అంతే మందం ఉన్న ఆరోది చేరితే గట్టితనం సుమారు ఐదో వంతు పెరుగుతుంది. మందం పెంచితే మాత్రం లెక్క వేరు. గట్టితనం మందం ఘనంతో పెరుగుతుంది కాబట్టి కాస్త మందం పట్టీ కూడా చాలా గట్టిది. లోడుతో నిలబడ్డ బండి బాగుంటుంది. ఖాళీ బండి మాత్రం గుర్రంలా ఎగురుతుంది, వెనక చక్రాలు రోడ్డు మీద సరిగా కూర్చోవు.

అంతకంటే మెలిక ఉన్న సంగతి బ్రేకుది. చాలా పికప్‌లకు వెనక ఇరుసు పైన, ఛాసిస్‌కు బిగించి, ఒక చిన్న వాల్వు ఉంటుంది. ఇరుసు నుంచి ఒక సన్నని కడ్డీ దానికి తగిలించి ఉంటుంది. వెనక దిగితే వాల్వు "లోడు ఉంది" అనుకుని వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపిస్తుంది. ఎత్తుగా ఉంటే ఖాళీ అనుకుని తగ్గిస్తుంది, లేకపోతే ఖాళీ బండి వెనక చక్రాలు లాకై బండి పక్కకు తిరిగిపోతుంది. కొన్ని కొత్త బండ్లలో ఈ పని ఎలక్ట్రానిక్స్‌కు అప్పగించారు. వాల్వు ఉన్న బండికి పట్టీలు పెంచి, టన్నున్నర వేసినా వెనక దిగకుండా చేశారనుకోండి. వాల్వుకు లోడు పడ్డట్టే తెలియదు. నిండు బండికి ఖాళీ బండి బ్రేకు దొరుకుతుంది. కడ్డీని కొత్త ఎత్తుకు తగ్గట్టు మళ్ళీ సరిచేసే షాపులు ఉన్నాయి. ఆ కడ్డీ అడ్డమొస్తోందని తీగతో కట్టేసే షాపులూ ఉన్నాయి. ముందు లేపితే ఈ వాల్వుకు ఏమీ కాదు. ఆ లెక్కన, అందం కోసం ముందు లేపించినవాడి కంటే పని కోసం వెనక గట్టి చేసినవాడే పెద్ద ప్రమాదంలో ఉన్నాడు.

పట్టీలు కొట్టించడం గురించి ఒక మాట. కమాను పట్టీ మామూలు ఇనుము కాదు, సిలికానో క్రోమియం-వెనేడియమో కలిపిన ఉక్కు. దాన్ని ఎర్రగా కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్ళీ తగుమాత్రం వేడిచేసి పదును పెడతారు. వంపు పడిపోయిన పట్టీని గ్యాసుతో కాల్చి వంచితే ఆ పదును పోతుంది, కాల్చినచోటే తర్వాత విరుగుతుంది. చల్లగానే సుత్తితో కొట్టి వంపు తెచ్చే పనివాళ్ళ నేర్పు చూడ్డానికి ముచ్చటేస్తుంది, ఒక్కో దెబ్బకు పట్టీ ఎంత వంగాలో చేతికి తెలిసినట్టే పడుతుంది. అయినా అలసిన ఉక్కు కొద్ది నెలలకే మళ్ళీ పడిపోతుంది. వంపు పోయిన పట్టీ తీసేసి కొత్తది వేయించడమే లాభం. మన ప్రాంతంలో ఐదారేళ్ళు తిరిగిన బండి ముందు వంగిందంటే చాలాసార్లు అది కంపెనీ వాలు కాదు, పడిపోయిన పట్టీలో, అరిగిపోయిన షాకిల్ బుష్‌లో, తెగిన సెంటర్ బోల్టో. దాన్ని లేపడం కాదు, పాత ఎత్తుకు తేవడం. పేరుకు రెండూ ఒకటే పనిలా కనిపిస్తాయి.

చట్టం సంగతికొస్తే, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ. ఓవర్‌లోడుకు 20 వేలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2 వేలు, ఎక్కువైన సరుకు అక్కడే దించాలి. అంగుళం లేపినవాణ్ణి టేపు పట్టుకుని కొలిచే అధికారిని నేను చూడలేదు. కానీ ప్రమాదం జరిగి బీమా క్లెయిము దాకా వెళ్తే ఆ అంగుళం కాగితాల మీదికి వస్తుంది.

ముందు లేపకుండానే సమం చేసే ఉపాయాలు ప్రపంచంలో లేకపోలేదు. ఫ్రాన్సు కంపెనీ సిట్రోయెన్ 1955లోనే డీఎస్ కారును నూనె, గ్యాసు సస్పెన్షన్‌తో తెచ్చింది. ఎంత బరువేసినా అది తన ఎత్తుకు తానే వచ్చి నిలబడేది. ఇప్పుడు అమెరికా పికప్‌లకు వెనక ఇరుసు పైన రబ్బరు గాలిసంచులు పెట్టి, లోడు వేసినప్పుడు గాలి నింపుకుని, దించాక వదిలేస్తున్నారు. అవి కూడా పైన చెప్పిన బ్రేకు వాల్వును మోసం చేస్తాయన్నది వేరే విషయం. మన కమాను కట్టలోనే దానికి పేదవాడి రూపం ఒకటుంది. హెల్పర్ పట్టీ. ఖాళీగా ఉన్నప్పుడు దేనికీ ఆనకుండా ఉండి, లోడు పడి కట్ట దిగాక మాత్రమే భుజం పడుతుంది. ఎవరు కనిపెట్టారో గానీ, లోడు ఎప్పుడుంటుందో ఎప్పుడుండదో తెలిసిన మనిషి పని అది.

సరే, ఆ కుర్రాడి బండి. చాచా కొలతలు చెప్పాడు. సమంగా ఉన్న చోటు కావాలి, న్యాల్‌కల్‌లో దానికి ధర్మకాంట కంటే మంచి చోటు లేదు. నాలుగు టైర్లలో గాలి సరిచూసి, బండిని ముందుకూ వెనక్కూ ఒకసారి కదిపి, చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు దాకా నాలుగు చోట్లా టేపు పట్టాలి. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తేడా లెక్కలో కలుస్తుంది, అందుకే చక్రం నడిమి నుంచి. ముందు చక్రాలు మాత్రమే కాంట మీద ఎక్కించి ఒక తూకం, వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి ఇంకో తూకం. ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి.

ఖాళీ కొలతలు ఆరోజే అయ్యాయి. చాచా అంకెలు సిగరెట్ పెట్టె వెనక రాసిచ్చాడు. ముందు మడ్‌గార్డు మీద సుద్దతో చిన్న గీత కూడా పెట్టాడు, రేపు లోడుతో వచ్చినప్పుడు ఆ గీత చక్రం నడిమికి ఎంత దూరంలో ఉంటుందో చూద్దామని.

"లోడుతోని కూడా ముక్కు కిందికే ఉంటే నా దగ్గరికి రా, పట్టీలు చూద్దాం. పైకి లేస్తే మాత్రం, బస్తాలు ఎట్ల పేర్చినవో అది చూద్దాం."

కుర్రాడు తల గీరుకున్నాడు. "చాచా, అల్లం అయిపోయింది. ఇగ ఆలుగడ్డే."

"ఆలుగడ్డైతే ఏంది," అని చాచా బండి వెనక తలుపు గొళ్ళెం ఒకసారి లాగి చూసి, "ఇది వంగింది, ముందుగాల ఇది చేయించుకో," అన్నాడు.